సుభద్ర మేడమ్ లెక్క తప్పలేదు

నిన్న ఉదయం చిక్కడపల్లిలో కూరగాయలు కొంటుంటే ఫోన్ వచ్చింది.

"సుభద్ర మేడమ్ పోయారన్నా."

ఏ సుభద్ర మేడమ్ అని అడిగాను. నాకు తెలిసిన సుభద్ర మేడమ్ ఒక్కరే.

అశోక్‌నగర్‌లో మేడ మీద రెండు గదుల ల్యాబ్ ఆమెది. ఇంటర్ ఫెయిలై, గాజుసామాను కడగడానికి చేరాను. మిగతాది ఆమెను చూసి నేర్చుకున్నదే. రోజూ ఏం చేశామో పుస్తకంలో రాసే పని కూడా నాకే ఇచ్చారు.

నారాయణగూడ జ్యూస్ షాపు నుంచి అనాస తొక్కలు తెచ్చేవాణ్ణి. వాటిని నూరి తీసిన రసంలో ఒక పాలిమర్, ఫాస్ఫేట్ ఉప్పు కలిపి వదిలేస్తే కాసేపటికి రెండు పొరలవుతుంది. రెండూ నీళ్ళే, అయినా కలవవు. మాకు కావలసిన, పాలను విరగ్గొట్టే ప్రోటీన్ పై పొరలోకి చేరి చిక్కబడుతుంది. అందులో ఒక చుక్క పాలలో వేస్తే పాలు విరగాలి.

మొదటిసారి పొరలు వేరు చేసే పని నా ఒక్కడికే అప్పజెప్పారు.

రెండు పొరలున్న గాజు గరాటుకు కింద ఉండే కుళాయి తిప్పాను. ముందు దిగిన పొరను సీసాలో పట్టాను. లోపల మిగిలింది కడిగేశాను. గిన్నెలో మిగిలింది కడగడం నాకు అంత అలవాటు.

పాలు విరగలేదు.

"ఏంది శ్రీనివాస్, పై పొరే కదా పట్టినవ్?"

అప్పుడు తెలిసింది, ఏం పారబోశానో. మళ్ళీ గ్లాసులు కడగడానికే పంపిస్తారని భయం.

"అవును మేడమ్."

"అయితే నేనే ఉప్పు ఎక్కువేసిన."

పుస్తకంలో 'పై పొర తీశాను' అని నా చేత్తోనే రాశాను.

వారం తర్వాత ఉప్పు తగ్గించి మళ్ళీ చేశారు. ఈసారి నేను సరైన పొరే పట్టాను. పాలు విరిగాయి. తప్పు తనదేనని ఆమెకు ఖాయమైపోయింది.

ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చినా నవ్వుతూ చెప్పేవారు.

"పరేషాన్ గాకుండ్రి. నా లెక్క గూడ తప్పింది. కావాలంటే శ్రీనివాస్‌ను అడగండ్రి, సాక్షి ఆయనే."

నేను తలూపేవాణ్ణి.

పోయిన నెల చెప్పేద్దామనే ఆమె ఇంటికి వెళ్ళాను. టీ తాగి వచ్చేశాను.

ఆమె దగ్గర పనిచేసిన మీలో చాలామంది ఆ మాట విన్నారు. ఇక ఎవరికైనా చెబితే సరిచేసి చెప్పండి. ఉప్పు ఎక్కువ కాలేదు. పై పొరను సింక్‌లో పోసింది నేను.

వెళ్ళిరండి మేడమ్. ఇంక ఆ లెక్క మళ్ళీ వేసుకోకండి. ప్రశాంతంగా నిద్రపోండి.