అడగని పానా

దయ్యాల విషయంలో నాతో వాదనకు దిగి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. మా అత్తగారు ఓడిపోయింది. మా ఆడబిడ్డ ఓడిపోయింది. అహోబిలం నుంచి మా ఇంటికి వచ్చిపోయే ఒక స్వామి శాస్త్రాలన్నీ వల్లించి, చివరికి కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నేను మద్రాసులో బి.ఏ. చదివాను. చదువుకోవడం వల్ల నమ్మకం పోయిందని కాదు. చూడనిదాన్ని ఒప్పుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు, అంతే.

ఇప్పుడు రాయబోయేది కూడా నేను చూడలేదు. చేతికి తగిలింది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

మాది నంద్యాల. ఆళ్ళగడ్డ పోయే రోడ్డు మీద లారీలు, కార్లు బాగుచేసే షెడ్డు ఉంది మాకు. మా ఆయన పెట్టింది. ఆయన ఆళ్ళగడ్డ దగ్గర భూములున్న కుటుంబంలో పెద్దకొడుకు. సేద్యం తమ్ముడు ఓబులేసుకు వదిలేసి, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించి పని నేర్చుకున్నాడు. తోడు ఆయన స్నేహితుడు ఖాసిం.

పిల్లలు లేని ఇంట్లో పొద్దంతా ఒక్కదాన్నే కూర్చుని ఎన్ని పుస్తకాలు చదువుతాను? నేనూ షెడ్డుకు పోవడం మొదలుపెట్టాను. మొదట చూడ్డానికి, తర్వాత తప్పులు పట్టడానికి, ఆ తర్వాత పని చేయడానికి. చీర ఎగదోపి, మీద ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని లారీ కిందికి దూరేదాన్ని. బి.ఏ. చదివి గ్రీజు పూసుకుంటాందని ఊళ్ళో అనేవాళ్ళు. చదవకుండా పూసుకుని ఉంటే మీకు బాగుండేదా అని నేను అడిగేదాన్ని.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. లారీ కింద వెల్లకిలా పడుకున్నప్పుడు నోరు తెరిస్తే మట్టి పడుతుంది. పక్కన ఇంకో ఇంజను మోగుతుంటే అరిచినా వినపడదు. కాబట్టి కిందున్నవాళ్ళు ఎడమచెయ్యి బయటికి చాపి వేళ్ళు చూపించాలి. ఒక వేలు అంటే నట్లు బిగించే పానాల్లో అన్నిటికన్నా చిన్నది. రెండు వేళ్ళంటే దాని పైది. పిడికిలి అంటే సుత్తి. పైనున్నవాళ్ళు తెచ్చి చేతిలో పెట్టాలి. మాటల్లేవు.

ఖాసిం అడిగింది అడిగినట్టు పెట్టేవాడు. మా ఆయన అట్లా కాదు. కింద నేను చేస్తున్న పని తప్పని ఆయనకు తోస్తే నేను అడిగింది ఇవ్వడు. తనకు ఏది సరి అనిపిస్తే అది పెడతాడు. విసిరికొడితే మళ్ళీ అదే తెచ్చి పెడతాడు. నాతో నోటితో వాదిస్తే లాభం లేదని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకున్న మనిషి. నేను కింద నుంచి తిడుతూనే ఉండేదాన్ని. సగం సార్లు ఆయనదే సరి అయ్యేది. మిగతా సగం నాది, అది కూడా రాయాలి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన ఏడాది, వానాకాలంలో ఆయనకు విషజ్వరం వచ్చింది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. మనిషి తిరిగి రాలేదు.

షెడ్డు మూసెయ్యమని అందరూ చెప్పారు. మూసేసి ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. నేను మూయలేదు, ఖాసిం మానలేదు. ఆయన పానాలు మాత్రం వెనక గోడకు ఆయన కొట్టుకున్న మేకులకే వేలాడుతుండేవి. ఖాసింకు తన పానాలున్నాయి, నేనూ వాటితోనే నెట్టుకొచ్చేదాన్ని. ఆయనవి ముట్టుకోవడం మా ఇద్దరికీ చేతకాలేదు.

షెడ్డులో మాటలు తగ్గిపోయాయి. వాదనకు ఖాసిం పనికిరాడు. ఏమన్నా నువ్వు చెప్పిందే వదినా అంటాడు. ఇంటికి పోతే అదీ లేదు. అన్నం తింటూ పైకి ఒక మాట అనేదాన్ని, దానికి ఎదురుమాట కూడా నేనే అనుకునేదాన్ని. కానీ ఆయన అనే మాట అది కాదని నాకే తెలిసిపోయేది. ఆయన ఏమనేవాడో మాత్రం తోచేది కాదు. అన్నం అక్కడితో ఆగిపోయేది.

మరుసటి ఎండాకాలం ఒక శుక్రవారం పొద్దున ఓబులేసు ఆ పాత మిలిటరీ లారీని తోలుకొచ్చాడు. అప్పటికి అది ఆళ్ళగడ్డలో అతని దగ్గరే ఉండేది, శనక్కాయ మూటలు తోలేవాడు. ఇంజను అడుగున ఆయిల్ చాంబరు నుంచి నూనె కారుతోంది. తెల్లవారితే అతని కొడుక్కు అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించాలి. మా అత్తగారు, నా తోడికోడలు, చుట్టాల ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ ఆ లారీలోనే ఎక్కాలి.

"సాయంత్రానికి కావల్ల వదినా. బండి నిండా పిల్లోళ్ళు. ఏమన్నా అయితే నేనేం చెప్పుకోవల్ల?" అన్నాడు.

ఏమీ కాదని చెప్పాను. నువ్వూ రారాదా అని కూడా అడిగాడు. అడుగుతూ బానెట్టు వైపు చూస్తున్నాడు. మొగుడు పోయినదాన్ని శుభకార్యానికి ఎట్లా పిలవాలో, పిలవకుండా ఎట్లా ఉండాలో తెలియక అవస్థ పడుతున్నాడని అర్థమైంది. పని ఉందిలే అన్నాను. ముఖం తేలికపడి, సామాన్లు కొనడానికి బజారుకు పోయాడు.

ఖాసిం, నేను కలిసి బండి అంతా చూశాం. చక్రాలు, బ్రేకులు, స్టీరింగు. ముందు ఇరుసును, బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కమాన్ కట్టకు కలిపి పట్టి ఉంచే, లాడంలా వంచిన పెద్ద బోల్టులను ఖాసిం సుత్తితో తట్టి, పానా వేసి చూశాడు. నేనూ చూశాను. గట్టిగానే ఉన్నాయి. మధ్యాహ్నం అతను నమాజుకు పోయాడు. చాంబరు అంచున నూనె కారకుండా వేసే ప్యాకింగు మార్చడం ఒక్కటే మిగిలింది. గోతంపట్ట పరుచుకుని నేను కిందికి దూరాను.

పట్టపగలు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. చాంబరు బోల్టులు బిగిస్తుంటే జానెడు పానా చేతిలోంచి జారి ఎటో పోయింది. బయటికి పాకి వెతుక్కోవడానికి బద్ధకమై, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చాపి రెండు వేళ్ళు చూపించాను. షెడ్డులో ఎవరూ లేరన్నది ఆ క్షణం తోచలేదు.

చేతిలో పానా పడింది.

అడిగింది జానెడు పానా. వచ్చింది మూరెడుది, బరువైనది. ఖాసిం వచ్చేశాడనుకున్నాను. ఇది కాదు, చిన్నది అని బయటికి విసిరేశాను. బండల మీద పడి గణగణమని మోగింది. మళ్ళీ రెండు వేళ్ళు చూపించాను. మళ్ళీ అదే బరువు.

"కండ్లు యాడ పెట్టుకున్నావప్పా?" అని గట్టిగా తిట్టి మళ్ళీ విసిరాను.

మూడోసారి కూడా అదే వచ్చింది. ఈసారి దాన్ని నా అరచేతిలో ఆనించి, నేను సరిగ్గా పట్టుకునేదాకా ఆగారు. బరువు ఒక్కసారిగా పడలేదు, మెల్లగా నాకు వదిలిపెట్టినట్టు వచ్చింది. అప్పుడు తోచింది నాకు. రెండుసార్లు అది బండ మీద పడ్డ చప్పుడు విన్నాను. బండ మీద నుంచి ఎత్తిన చప్పుడు ఒక్కసారీ వినలేదు.

లారీ కింద నుంచి చూస్తే మనుషులు కనపడరు, పాదాలు కనపడతాయి. తల తిప్పి చూశాను. ఏ పాదాలూ లేవు. ఎండలో తెల్లటి బండలు, వాటి మీద పానా గీసుకుపోయిన రెండు గీతలు, అంతే.

భయపడ్డావా అంటే, ముందు నాకు కోపం వచ్చింది. ఆ లారీలో ఆ పానా పట్టే నట్లు ఒకే చోట ఉన్నాయి. పొద్దున మేమిద్దరం చూసి బాగున్నాయన్న ఆ ఇరుసు బోల్టుల దగ్గర. సరే, అవి బాగానే ఉన్నాయని చూపిస్తాను అనుకున్నాను. ఎవరికి చూపించాలనుకున్నానో అడగొద్దు. పక్కకు జరిగి, కుడివైపు నట్టుకు పానా తగిలించి ఒక లాగు లాగాను. కదల్లేదు. చూడు, గట్టిగానే ఉంది అని పైకే అన్నాను. రెండో నట్టుకు తగిలించి లాగాను.

నట్టుతో పాటు బోల్టు ముక్క విరిగి నా గుండెల మీద పడింది.

విరిగిన చోట దాదాపు అంతా పాత తుప్పు. ఒక అంచున మాత్రం గోరంత కొత్త మెరుపు. ఆ గోరంత మీదే అది నిలబడి ఉంది. వంపు దగ్గర, గ్రీజు మడ్డి కింద పగులు ఉంటే తడితే తెలియదు, చూస్తే కనపడదు, మెల్లగా పానా వేసి చూసినా బయటపడదు. దారిలో ఏ వాగు దిగేటప్పుడో అది తెగితే ఇరుసు పక్కకు జరిగిపోతుంది. స్టీరింగు తిప్పేవాడి మాట వినదు. వెనక పిల్లలు.

బయటికి వచ్చి, గోతంపట్ట కూడా లాక్కుని చాలాసేపు దాని మీదే కూర్చున్నాను. ఆ తర్వాత రోడ్డు దాటి, మా షెడ్డుకు ఎదురుగా ఉన్న తిరుపాలు టీ అంగడికి పోయాను. అతను పొద్దంతా మా తలుపుల వైపే మొహం పెట్టుకుని కూర్చుంటాడు. ఖాసిం పోయిన తర్వాత లోపలికి ఎవరన్నా వచ్చారా అని అడిగాను.

"ఎవురూ రాలేదమ్మా. నువ్వే ఎవురితోనో కొట్లాడతాంటివి, ఈడికి ఇనపడ్న్యాది" అన్నాడు. గ్లాసు కడుగుతూ, "ఆయప్పతోనే అనుకుంటిని. అలవాటు కదా. తర్వాత గుర్తుకొచ్చె, ఆయప్ప లేడని" అన్నాడు.

టీ ఇచ్చాడు. తాగలేకపోయాను.

ఖాసిం తిరిగి వచ్చినప్పుడు నా చేతిలో ఆ పానా ఇంకా ఉంది. అతను ముందు దాన్ని చూశాడు, తర్వాత వెనక గోడ వైపు చూశాడు. నేనూ అప్పుడే చూశాను. ఆయన పానాల వరసలో చివరి మేకు ఖాళీగా ఉంది. గోడ మీద పానా ఆకారంలో దుమ్ము లేని చోటు కనపడుతోంది. ఆ గోడకు నేను పడుకున్న చోటు ఒక లారీ పొడవు దూరం.

జరిగింది జరిగినట్టు చెప్పాను. విరిగిన బోల్టు చూపించాను.

"నువ్వే తీసింటావు వదినా. యాదిలో లేక తీసింటావు" అన్నాడు.

ఖాసిం నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. నేనే తీసుకుని ఉంటే రెండుసార్లు ఎందుకు విసిరికొడతాను అని అడిగాను. అతను నా చేతిలోంచి పానా తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. పక్కన వేలాడుతున్న వాటి మీద దుమ్ము జిడ్డుతో కలిసి చర్మంలా గట్టిపడి ఉంది. దీని మీద ఏమీ లేదు. పిడి చివరిదాకా తుడిచి ఉంది.

మా ఆయన పానాలు తుడిచేవాడు కాదు. ఖాసింకు ఎట్లా ఉన్నది అట్లా ఇచ్చేవాడు. నాకు ఇచ్చేటప్పుడు మాత్రం భుజం మీది తువ్వాలుతో తుడిచి ఇచ్చేవాడు. ఆ సంగతి ఖాసింకు, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఖాసిం పానాను బల్ల మీద పెట్టి, కొత్త బోల్టు తేవడానికి బజారుకు పోయాడు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ అన్నాడు. ఎండే అన్నాను.

సాయంత్రానికి బోల్టులు అన్నీ మార్చి బిగించి ఇచ్చాం. ఓబులేసు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి తోలుకుపోయాడు. మర్నాటి మర్నాడు పులిహోర ప్రసాదం తీసుకుని, గుండు మీద గంధం పూసిన పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. బండి పూవు మాదిరి పోయిందన్నాడు. పిల్లవాడు నా ఒళ్ళో కూర్చుని ఖాకీ చొక్కా గుండీలు లాగుతుండిపోయాడు. ఓబులేసుకు నేను ఏమీ చెప్పలేదు. చెబితే అహోబిలం నరసింహస్వామి మహిమ అంటాడు. అప్పుడు నేను వాదించాలి. ఏమని వాదించాలి?

నా మీద నేనే అన్ని వాదనలూ పెట్టి చూశాను. ఎండ దెబ్బ అనుకుందామంటే బోల్టు నిజంగా విరిగింది. పగులు ఉందేమోనని పొద్దున్నే లోలోపల అనుమానపడి, మైమరపులో పానా తెచ్చుకున్నాను అనుకుందామంటే, తిరుపాలు విన్నది ఒకదాని తర్వాత ఒకటి తిట్లు, చప్పుళ్ళు. ఎవరో వచ్చిపోయారు అనుకుందామంటే ఉన్నవి ఒక్క రోడ్డు వైపు తలుపులే, వాటి ఎదుట తిరుపాలు. ప్రతి వాదనా కొంతదూరం నడిచి నిలబడిపోతుంది. దయ్యాలు ఉన్నాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ మధ్యాహ్నం నా చేతిలో పానా ఎవరు పెట్టారో కూడా చెప్పలేను.

షెడ్డు నడుస్తోంది. ఖాసిం నమాజుకు పోయిన శుక్రవారాల్లో, ఏ బండి ఉంటే దాని కిందికి పని ఉన్నా లేకున్నా దూరతాను. ఎడమచెయ్యి బయటికి చాపి వేళ్ళు చూపిస్తాను. కావాలనే తప్పు పానా అడుగుతాను. చెయ్యి తిమ్మిరెక్కేదాకా అట్లాగే ఉంచుతాను.

ఇంతవరకు ఎవరూ దిద్దలేదు.