నర్సమ్మ నాలుగిళ్ళ కానుకలు

2001లో దసరాకు వారం పది రోజుల ముందు జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక గిఫ్ట్ ఆర్టికల్స్ దుకాణంలో సేల్స్ కౌంటర్ మీద చేరి ఆరేళ్ళయింది. మాది గుంటూరు జిల్లా. మా వారికి ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం రావడంతో కాపురం హైదరాబాదుకు మారింది. ఇంట్లో ఊరికే కూర్చోవడం నచ్చక నేనూ పనిలో చేరాను. యజమాని బాసిత్ భాయ్ నన్ను చెల్లెల్లా 'బెహెన్' అని పిలిచేవారు. తోచినప్పుడు తెలుగు, తోచనప్పుడు ఉర్దూ మాట్లాడేవారు.

దుకాణంలో నాలుగు వైపులా నాలుగు రకాల సరుకు ఉండేది. గడియారాలు, రేడియోలు, కాలర్ ఐడీ ఫోన్లు ఒకవైపు. బీపీ చూసుకునే యంత్రాలు, నడుముకు కట్టుకునే బెల్టులు ఒకవైపు. వంటింటి సామాను మూడోవైపు. హ్యాండ్‌బ్యాగులు, టై పిన్నులు, సెంటు సీసాలు నాలుగోవైపు. పండగ రోజుల్లో వచ్చేవాళ్ళలో చాలామందికి ఏం కొనాలో తెలియదు. 'ఏదైనా మంచిది చూపించండి' అంటారు. ఎవరికి, వయసెంత, ఏం చేస్తారు అని మేం అడుగుతాం. ఆ జవాబులను బట్టి రెండు వస్తువులు ముందు పెడితే ఒకటి తీసుకుంటారు. గిఫ్ట్ కౌంటర్ పని సాధారణంగా అంతే.

ఆ మధ్యాహ్నం బేరాలు పలచగా ఉన్నాయి. యాభై అయిదేళ్ళు దాటిన ఒకావిడ చెప్పులు మెట్ల కిందే విడిచి లోపలికి వచ్చింది. మోకాళ్ళ నొప్పి ఉన్నట్టుంది, కౌంటర్ పట్టుకుని నిలబడింది. స్టూలు వేశాను.

"నాలుగిండ్లకు పండుగ సామాన్ పెట్టాలె బిడ్డా. ఏం పెట్టాల్నో సమజైతలేదు" అంది.

పేరు నర్సమ్మ. హుస్సేనీ ఆలంలో ఆమె అత్తగారి కాలం నుంచి బర్రెల కొట్టం ఉంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తోంది. భర్త పోయాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. రెండు బర్రెలను అప్పటికే అమ్మేసింది. పండగ తరవాత మిగిలినవీ ఇచ్చేసి షాద్‌నగర్ దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతోంది. చివరిదాకా ఆమె దగ్గరే పాలు పోయించుకున్నవి నాలుగిళ్ళు.

"ప్రతి దసరాకు వాళ్ళే నాకు చీరనో, మిఠాయో పెట్టిండ్రు. నాది ఎప్పుడు తీసుకునుడేనాయె. పోయేముందు ఒక్కసారి నేను పెట్టాలె."

మామూలుగా అడిగే ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎవరెవరుంటారు, ఏం ఉద్యోగాలు, వయసెంత. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"పేర్లే సక్కగ తెల్వయి. గడప దాటి లోపటికి పోయింది లేదు. వాళ్ళు గిన్నె పట్టుకొస్తరు, నేను పోస్త, ఎల్లొస్త."

ఇన్నేళ్ళు రోజుకు రెండుసార్లు ఒకే గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి ఏం తెలిసి ఉంటుందా అని నాకు కుతూహలం పుట్టింది. "పోనీ, పాలు పోసేటప్పుడు ఏం కనబడుతుందో చెప్పు" అన్నాను.

ఆమె వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "మొదటింట్ల కోడలు తెచ్చే గిన్నె అడుగు ఎప్పుడూ నల్లగనే ఉంటది. పాలు మాడగొట్టుకుంటది పాపం. పదిమంది పని, ఒక్కతే చేస్తది. లోపల్నుంచి అత్త లొల్లి ఇనబడుతది." నేను లేచి విజిల్ వేసే పాలకుక్కర్ తెచ్చి చూపించాను. రెండు పొరల మధ్య నీళ్ళు పోస్తే పాలు పొంగవు, మాడవు, కాగగానే ఈల వేస్తుంది. నర్సమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

రెండో ఇంట్లో పరదా వెనక నుంచి చేతులు మాత్రమే బయటికి వస్తాయట. కొత్త కోడలిగా వచ్చిన నాటి పిలుపుతోనే అందరూ ఆవిడను దుల్హన్ పాషా అంటారు. "చేతి ఏళ్ళ కణుపులు ఉబ్బి ఉంటయి. పిండిన పాలు ఎచ్చగుంటయి గద, పోసినంక గిన్నెను రెండు చేతుల నడుమ పెట్టుకొని జరసేపు అట్లనే నిలబడుతది. చలికాలమైతే ఇంకసేపు." కరెంటుతో వేడెక్కే హీటింగ్ ప్యాడ్ తీసి పెట్టాను. మూడో ఇంటి పెద్దాయన పాలకు వచ్చేటప్పుడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడట. ఒక చేతి కఫ్‌కు బంగారు రంగు గుండీ, రెండో చేతికి దారం. జతలో ఒకటి ఎక్కడో పోయింది కాబోలు. కఫ్‌లింకుల పెట్టె తీశాను.

అప్పటికి నాకు అది ఆటలా అనిపించడం మొదలైంది. ఆమె ఒక మాట చెప్పడం, నేను లేచి ఒక వస్తువు తేవడం. బాసిత్ భాయ్ కూడా గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి వింటూ నిలబడ్డారు.

"నాలుగో ఇంట్ల సారు. మీ ఆంధ్రా దిక్కోడే, ఆఫీసుల పనిచేస్తడు. పెండ్లాం పోయింది, కాలేజీకి పోయే బిడ్డ ఉంది. చేతికి గడియారం ఉంటది, అయినా రోజూ 'టైమెంతయిందమ్మా' అని నన్నే అడుగుతడు. నాకు గడియారమేడిది? మొగులు దిక్కు చూసి చెప్త." ఆమె గొంతులో ముద్దు వినిపించింది. "ఇంకొకటి. గిన్నె సక్కగ పట్టడు. పాలు ఒక దిక్కు, గిన్నె ఇంకో దిక్కు. నేనే చెయ్యి పట్టి సక్కగ పెడుత."

"ఎప్పటి నుంచి?"

"ఏడాది పైనే అయితుంది."

"ఆయనకు చూపు ఆనడం లేదు నర్సమ్మా" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేనేమో నాతోని మాట్లాడనీకే అడుగుతుండనుకున్న" అంది నెమ్మదిగా.

మా షోకేసులో ఒక టాకింగ్ క్లాక్ ఉండేది. మీట నొక్కితే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో టైం చెబుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నొక్కి నవ్వుకోవడమే తప్ప ఎవరూ కొనలేదు. అట్లా అమ్ముడుపోకుండా మిగిలిపోయిన సరుకును డెడ్ స్టాక్ అంటాం. దాన్ని తీసి నర్సమ్మ చేతిలో పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ గడియారం కదిలిందన్న సంతోషం కూడా అందులో ఉంది. నాలుగింటికీ రంగు కాగితాలు చుట్టి, ఏ ఇంటిది ఏదో ఆమెకు తెలిసేలా నాలుగు రంగులు వాడాను.

పండగ అయిన మూడో రోజు ఉదయం, దుకాణం తెరిచిన కాసేపటికి, ఒకాయన ఆటో దిగి మెట్ల రెయిలింగ్ పట్టుకుని పైకి వచ్చారు. మెట్టు మెట్టుకీ కాలితో తడిమి చూసుకుంటున్నారు. చేతిలో పచ్చకాగితం సగం చిరిగిన పెట్టె. కౌంటర్ అంచు దొరికాక దాని మీద పెట్టారు.

"నర్సమ్మకు దీన్ని ఎంచి ఇచ్చింది మీరేనా అమ్మా?"

అవునన్నాను.

"నా కళ్ళ సంగతి మీకెవరు చెప్పారు?"

గొంతు పెంచలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నర్సమ్మ చెప్పలేదనీ, ఆమె మాటలను బట్టి నేనే ఊహించాననీ చెప్పాను.

ఆయన పేరు వెంకట్రామయ్య. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. కూతురు లలితకు వరంగల్‌లో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. పండగ వెళ్ళగానే చేరాలి. రెండేళ్ళుగా చూపు తగ్గుతున్నా కూతురికి తెలియకుండా నెట్టుకొచ్చారు. పేపరు ఆమెతోనే చదివించుకుని అదొక అలవాటు అన్నట్టు ఉండేవారు. దసరా రోజు నర్సమ్మ పెట్టె తెచ్చి, నాయినకని చెప్పి లలిత చేతిలో పెట్టింది. గడియారం మాట్లాడగానే ఆ పిల్ల నవ్వి, 'ఇది నాన్నకెందుకు?' అని అడిగింది. దాపరికం తెలియని నర్సమ్మ, 'నాయినకు చూపు ఆనుతలేదట గద బిడ్డా, దుకాణంల అమ్మ చెప్పింది' అంది.

కౌంటర్ దగ్గర నేను సరదాగా కట్టిన ఊహ ఆ ఇంట్లోకి వార్తగా వెళ్ళింది.

"మా అమ్మాయి సర్దుకున్న బట్టల పెట్టె విప్పేసింది. వరంగల్ వెళ్ళనంటోంది" అన్నారాయన. "నేనెప్పటికీ దాచేవాణ్ణి కాదమ్మా. అది వెళ్ళి చేరి, కుదురుకున్నాక చెబుదామనుకున్నాను. చెప్పాల్సింది నేను కదా."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటుండగానే తెలిసింది. ఏం తోచక, డాక్టరు ఏమన్నారని అడిగాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు.

"చూపించుకోలేదా?"

"చూపిస్తే కాగితం మీదికి ఎక్కుతుంది. కాగితం ఆఫీసుకు వెళుతుంది. మూడేళ్ళు ఎట్లాగో గడిస్తే చాలనుకున్నాను."

బాసిత్ భాయ్ అప్పటిదాకా వింటూ ఉన్నారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని గోడ మీద బోర్డు ఉంది. అయినా ఆయన పెట్టెను తీసి, చిరిగిన కాగితం సరిచేసి, మళ్ళీ వెంకట్రామయ్య గారి చేతి కిందికి జరిపారు.

"సాబ్, గడియారం ఎప్పుడు తెచ్చినా వాపస్ తీసుకుంట. లేకిన్ ముందు కండ్ల డాక్టర్‌కు చూపించుకొని రండి. మా బడే భాయ్ గిట్లనే ఫికర్ చేసుకుంట కూసున్నడు. కూసునుడుతోని రెండు కండ్లు పోయినయి."

వెంకట్రామయ్య గారు పెట్టె తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. ఎవరికేం చూపించినా, అది చేరే ఇంట్లో ఎవరు ఏం దాచుకున్నారో అనిపించింది.

పది రోజుల తరవాత నర్సమ్మ వచ్చింది. ఈసారి స్టూలు వేయకముందే కూర్చుంది. వెంకట్రామయ్య గారిని సర్కారు కంటి దవాఖానాకు ఆమే తీసుకువెళ్ళిందట. భర్తకు శుక్లాల ఆపరేషన్ అక్కడే కావడంతో చీటీ ఎక్కడ రాయించాలో, ఏ గది ముందు కూర్చోవాలో ఆమెకు తెలుసు.

"షుగర్ ఉందట సారుకు. ఆయనకే తెల్వదు. లోపట రక్తం దిగి ఎడమ కన్ను శానా పాడైందట. అది మల్ల రాదన్నడు డాక్టర్. కుడి కన్నును లేజర్ పెట్టి ఆపుతరట. ఇంకొన్ని నెలలైతే అది గూడ పోయేదే అన్నడు."

లేజర్ విడతలు విడతలుగా చేయాలి. ప్రతిసారీ వెంట మనిషి ఉండాలి. తానే ఉంటానని లలిత పట్టుబట్టింది. అప్పుడు నర్సమ్మ ఆ పిల్లతో అన్న మాట నాకు చెప్పింది: "బర్లు పోయినయి, నాకిప్పుడేం పని? నీ నాయిన కన్ను నిలబడేదాక షాద్‌నగర్ పోను. నువ్వు పోయి చదువుకో అన్న." లలిత మర్నాడే వరంగల్ బస్సెక్కింది. సీటు పోలేదు.

"నీకు నామీద కోపం లేదా నర్సమ్మా?" అని అడిగాను. "నేను తొందరపడి అన్న మాట వల్లే కదా లొల్లి అయింది."

"నువ్వు అన్నవు, నేను మోసిన. ఇద్దరం చేసిందే" అంది. "కానీ బిడ్డా, ఏడాది సంది నేను రోజూ ఆయన చెయ్యి పట్టి గిన్నె సక్కగ పెట్టిన. ఒక్కనాడన్న 'ఏమైంది సారూ' అని అడగలె. నాకు గదే బాధ."

చలి ముదిరాక నర్సమ్మ, వెంకట్రామయ్య గారు కలిసి దుకాణానికి వచ్చారు. నర్సమ్మ మరునాడు తమ్ముడి ఊరికి వెళుతోంది. ఆమెకు ఏదైనా కొనాలని వెంకట్రామయ్య గారి కోరిక. ఏం కావాలని ఆమెనే అడిగారు. మోకాళ్ళకు వేసుకునే పట్టీలు కావాలంది. అవే ఇప్పించారు. ఆయన కుడి కన్ను నిలబడింది. ఆఫీసులో తానే చెప్పుకున్నారట. రికార్డులు చూసే సీటు నుంచి తీసి, వచ్చినవాళ్ళకు ఏ సెక్షన్‌కు వెళ్ళాలో చెప్పే ఎంక్వయిరీ దగ్గర కూర్చోబెట్టారు.

వెళ్ళబోతూ నా వైపు తిరిగారు. "మీ మీద కోపం పూర్తిగా పోలేదమ్మా. మీరు ఆ మాట అనకపోతే ఈ కన్ను కూడా ఉండేది కాదు. రెండూ నిజమే."

నేను తల ఊపాను. ఆయనకు అది కనిపించిందో లేదో అనుమానం వచ్చి, "అవునండీ" అని పైకి కూడా అన్నాను.

అప్పటిదాకా మంచి కానుకంటే ఎదుటి మనిషిని బాగా గమనించి ఎంచినదని నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను. అయితే, మనం గమనించిన సంగతి ఆ మనిషి దాచుకున్నది కూడా కావచ్చు. దాన్ని ముందుగా ఆ మనిషితోనే, ఒంటరిగా, ప్రశ్నలా అడగాలి. నలుగురిలో విప్పే పెట్టెలో పెట్టి పంపకూడదు.

ఆ తరవాత రెండేళ్ళకు రంజాన్ ముందు ఒక అమ్మాయి వచ్చింది. అత్తగారు ఈ మధ్య పిలిస్తే పలకడం లేదనీ, ఈద్ రోజు అందరి ముందూ ఇచ్చేందుకు చెవిలో పెట్టుకునే మెషీన్ లాంటిదేదైనా కావాలనీ అడిగింది. మా దగ్గర సౌండ్ పెంచే చిన్న పరికరం ఒకటి ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

"ఆవిడతో ఎప్పుడైనా ఈ సంగతి మాట్లాడావా అమ్మా?" అని అడిగాను.

లేదంది. ముందు ఒకసారి ఆవిడ పక్కన కూర్చుని అడిగి చూడమన్నాను. ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది. బాసిత్ భాయ్ తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ గల్లాపెట్టె లెక్కల్లో పడ్డారు.