ఆరువందల నలభైలో ఇమిడిన తెలుగు

మేము యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుకునే రోజుల్లో మెమరీ అంటే ఎంతో పొదుపుగా వాడుకోవలసిన వస్తువు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో పలకరించే ఆ పాత సిస్టమ్‌లో ఎంత మెమరీ బిగించినా, మామూలు ప్రోగ్రాములు నడవడానికి దొరికేది మొదటి ఆరువందల నలభై కిలోబైట్లే. మిగతాది ఉన్నా లేనట్టే. (ఇప్పుడు నా ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.) అంత ఇరుకులో తెలుగు మాటలను అకారాది క్రమంలో పేర్చే ప్రోగ్రాము రాశాం, నేనూ నా ప్రాజెక్టు జోడీ. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లను. అతను అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండేవాడు. అద్దం కనబడితే చాలు దువ్వెన తీసేవాడు కాబట్టి క్లాసంతా హీరో అని పిలిచేది. ప్రాజెక్టు పాసైతేనే తార్నాకలోని ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం. మా నాన్న అప్పుడే రైల్వే వర్క్‌షాపులో అందరికీ చెప్పేసుకున్నాడు కూడా.

పరీక్ష రోజు ఎగ్జామినర్ గారు కోస్తా నుంచి వచ్చారు. మా ప్రోగ్రాము మొదలుపెట్టగానే మెమరీ చాలదని తెర మీద పడింది. "మిషన్‌లో నాలుగు మెగాబైట్లు ఉందన్నారు కదమ్మా, మరి చాలకపోవడమేమిటి?" అన్నారాయన. హీరో, "నిన్న మంచిగనే నడిచింది సార్" అన్నాడు, తల దువ్వుకుంటూ.

మిషన్ మొదలవగానే మెమరీలో ఏమేం వచ్చి కూర్చుంటున్నాయో చూశాను. ల్యాబ్‌వాళ్లు ఆ పొద్దునే పెట్టిన వైరస్ కాపలా ప్రోగ్రాము ఒకటి (ముట్టుకోవద్దని గోడ మీద రాసి మరీ పెట్టారు). దాని పక్కనే, ఎగ్జామినర్ గారికి స్వాగతం పలకడానికి హీరో ఆ పొద్దునే చేర్చిన పాట, తెర మూలన తిరిగే ఒక గడియారం!

"నీ పాట తీసేస్తున్న" అన్నాను గొంతు తగ్గించి.

"ఏంది? గదే కదా మన ప్రాజెక్టుకు షాన్!"

"పాసైతే బయట నోటితోని పాడుకో, పో."

పాట పోయింది, గడియారం పోయింది. చాలలేదు. మౌస్‌ను నడిపించే ప్రోగ్రామూ తీసేశాను. ఇంకా కొంచెం తక్కువే. ఇక మిగిలింది తెలుగు అక్షరాలు చూపించే ప్రోగ్రాము. అది తీస్తే ప్రాజెక్టే లేదు. ఆరువందల నలభైకి పైన ఖాళీగా పడున్న చోటు గుర్తొచ్చింది. మామూలు ప్రోగ్రాములు అక్కడ నడవవు కానీ, ఇలాంటి చిన్న సహాయక ప్రోగ్రామును కూర్చోబెట్టొచ్చు. అక్షరాలను అక్కడికి ఎక్కించమని ఒక్క లైను మార్చి, మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టాను. ఆ నల్ల తెర ముందు హీరో కూడా దువ్వెన జేబులో పెట్టేసి చేతులు కట్టుకున్నాడు.

నడిచింది! ఎగ్జామినర్ గారు మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. "ఇది చచ్చిపోయిందేమిటమ్మా?"

"బతికే ఉంది సార్, దాని మాట వినేవాళ్లనే పంపించేశాం."

ఆయన నవ్వకుండా 'క్షమ', 'కమలం', 'కోడి' అని కొట్టారు. 'క్ష'ను ఎక్కడో చివరికి తోసేస్తామనుకున్నారు కాబోలు. కమలం, కోడి, వాటి వెనకే క్షమ, నిఘంటువులో ఉన్నట్టే వరుసగా నిలబడ్డాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంకొకరైతే వేరే మిషన్ ఇమ్మనేవారు. మీరు ఉన్నదాంట్లోనే తెలుగును కూర్చోబెట్టారు" అన్నారు. హీరో తార్నాక చౌరస్తా దాకా ఆ పాటను నోటితోనే పాడుతూ వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నా, ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఏది నెమ్మదించినా కుర్రాళ్లు, "మెమరీ పెంచేద్దాం మేడమ్" అంటారు. "ముందు అక్కర్లేనివి ఏం నడుస్తున్నాయో చూడండి" అంటాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నూనె రాసిన రెండు జడలతో, ఎగ్జామినర్ గారి ముందు ఆయన్ని అడగనైనా అడగకుండా మిషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. అంత ధైర్యం నాకు ఇప్పుడు లేదు. కానీ ఆ పిల్ల నేనే కదా అనుకుంటే, ఎవరూ చూడకుండా కాస్త నిటారుగా కూర్చుంటాను.