రావుగారు రాని మార్చి

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డు మొదట్లో కరిముల్లాకీ, తమ్ముడు ఇమామ్‌కీ కలిపి ఒక టార్పాలిన్ల షాపు ఉండేది. తొంభై రెండులో పెట్టారు. లారీల మీద కప్పే పట్టాలు కుట్టడం, చిరిగినవి అతకడం, కోతలప్పుడు ధాన్యం మీద కప్పుకోడానికి రైతులకి అద్దెకివ్వడం వాళ్ల పని. బేరాలన్నీ కరిముల్లావి. కుట్టు మిషను ఇమామ్‌ది. ఇమామ్ మాట్లాడేది తక్కువ. మనసుకి కష్టం కలిగితే పైకి అనడు, లోపల దాచుకుంటాడు. ఆ సంగతి కరిముల్లాకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసుండీ అలా చేశానే అన్నదే ఇవాళ్టికీ ఆయన బాధ.

షాపు లెక్కలూ, ఇద్దరి పన్నుల సంగతీ వీరభద్రరావుగారు చూసేవారు. విజయవాడ భవానీపురంలో ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. రిటర్నులు వేసేది జులైలో అయినా, మార్చి ఆఖరి ఆదివారం బస్సెక్కి జంక్షన్‌కి వచ్చేవారు. షట్టరు సగం దించమని చెప్పి, అన్నదమ్ములిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఏడాది లెక్క మొత్తం పైకి చదివేవారు. అర్థం కాని చోట ఆగి, "ఇదెందుకయ్యా ఖర్చయింది?" అని అడిగేవారు. చివర్లో కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "లెక్క అయింది. ఇక లెక్కలోకి రాని మాటలుంటే కానివ్వండి. ఇమామ్, ముందు నువ్వు చెప్పు" అనేవారు.

ఏడాదంతా నోరు విప్పని ఇమామ్ ఆ పూట మాట్లాడేవాడు. "మిషను మార్చమని ఎన్నాళ్లనుంచో అడుగుతున్నానండి, భాయ్ వినిపించుకోడు" అని ఒకసారి. "నాకు చెప్పకుండా తన బావమరిదికి అరువిచ్చాడండి" అని ఇంకోసారి. రావుగారు కరిముల్లాని మొహం మీదే చీవాట్లు పెట్టేవారు. కాసేపు గొంతులు లేచేవి. ఆ తర్వాత కరిముల్లా భార్య నజీరా పంపిన సేమ్యా పాయసం ముగ్గురూ తాగేవారు. మర్నాటినుంచీ షాపు మామూలే.

కరిముల్లాకి మాత్రం ఆ ఆదివారం గిట్టేది కాదు. నలుగురిలో పెద్దమనిషనిపించుకున్న తను, తమ్ముడి ముందు సంజాయిషీ చెప్పుకోవడం నామోషీగా ఉండేది.

రెండువేల ఏడులో ఆయన కూతురు ఆస్రా విజయవాడలో బీకాం చదువుతోంది.

"నాన్నా, ఇప్పుడంతా ఆన్‌లైనే. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. బిల్లులు స్కాన్ చేసి మెయిల్లో పంపితే, వాళ్ల అకౌంటెంటే షాపుదీ, మీ ఇద్దరిదీ రిటర్న్ వేసేస్తాడు. ఒక కాగితం ప్రింటు తీసి సంతకం పెడితే అయిపోతుంది" అంది.

"ఇదెందుకు, అదెందుకు అని నన్ను కూర్చోబెట్టి అడుగుతాడా?"

"ఎందుకడుగుతాడు? కావలసినదేదో నాకే మెయిల్ పెడతాడు."

ఆ మాట ఆయనకి హాయిగా తోచింది. సరేనన్నాడు. రావుగారికి ఫోన్ చేసి చెబుదామనుకుంటూనే రోజులు దాటేశాడు.

మార్చి ఆఖరి ఆదివారం రావుగారు ఎప్పట్లాగే వచ్చారు. రోడ్డు దాటుతున్న ఆయన్ని చూసి కరిముల్లా గబుక్కున లేచి, "లేనని చెప్పు" అంటూ వెనక గోడౌన్లోకి వెళ్లిపోయాడు. చుట్టలు చుట్టిన పట్టాల మధ్య నుంచుని అంతా విన్నాడు.

"అన్న లేడండి," ఇమామ్ గొంతు వినిపించింది. "ఈ ఏడు... మా ఆస్రా కంప్యూటర్లో పంపిస్తానందండి."

"మంచిదే. ముందే చెబితే రాకపోదును కదయ్యా" అన్నారు రావుగారు. ఇమామ్ తెప్పించిన టీ తాగారు. ఇమామ్ చిన్నకూతురు బాగుందా అని అడిగారు. వెళ్లిపోయారు.

కరిముల్లా బయటికి రాగానే ఇమామ్, "నా చేత అబద్ధం చెప్పించావు భాయ్" అన్నాడు. అంతే, మళ్లీ మిషను మీదకి వంగిపోయాడు.

హైదరాబాదు అకౌంటెంటు పేరు అనంతకృష్ణ. అతన్ని వీళ్లెవరూ చూడలేదు. ఫోన్లో "సార్, సార్" అంటూ మర్యాదగా మాట్లాడేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. మొదటి ఏడు చిన్న రీఫండు కూడా వస్తే కరిముల్లా పక్క షాపులవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆస్రా చూపించిన చోట ఇమామ్ సంతకం పెట్టేవాడు. ఆ మరుసటి మార్చి ఆఖరి ఆదివారం అన్ని ఆదివారాల్లాగే గడిచిపోయింది. షట్టరెవరూ దించలేదు, ఇమామ్‌ని ఎవరూ ఏమీ అడగలేదు.

రెండువేల ఎనిమిది నవంబరులో, కోసిన వరి పొలంలో పనల మీదుండగా వాన పట్టుకుంది. నజీరా పుట్టిల్లు పామర్రు. అక్కడి కౌలురైతులు ధాన్యం మొలకలెత్తుతోందని ఏడుస్తున్నారని తెలిసి, కరిముల్లా ఒక ఆటో నిండా టార్పాలిన్లు వేసుకెళ్లి ఊరికే పంచిపెట్టి వచ్చాడు. మంచి పనే. ఆ వారం ఇమామ్ అత్తగారి ఆపరేషనుకని గుంటూరులో ఉన్నాడు. వచ్చాక చెబుదాంలే అనుకున్నాడు కరిముల్లా. వచ్చాక సీజను హడావుడిలో ఆ మాట ఎత్తనేలేదు. ఇలాంటివన్నీ మార్చిలో రావుగారి ముందు బయటపడిపోతాయన్న పాత అలవాటు ఆయన్ని వదల్లేదు. ఆ మార్చి ఇక లేదన్న సంగతి మాత్రం తట్టలేదు.

జులైలో అనంతకృష్ణ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. సరుకు తగ్గింది, అమ్మకంలో లేదు, ఏమని చూపించమంటారు అని. ఆస్రా అడిగితే, "పాడైందని రాసేయమను, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు కరిముల్లా.

చూసింది ఇమామ్ బావమరిది నవాజ్. ఇల్లు కట్టుకోడానికి ఇమామ్ బ్యాంకు లోను పెడుతుంటే షాపు లెక్కల కాగితాలు సర్దిపెట్టాడు. "బావా, మీ షాపులో ఇంత సరుకు పాడైందా?" అని అడిగాడు. ఇమామ్‌కి తెలిసి ఒక్క పట్టా కూడా పాడవలేదు. వానల సీజనులో సరుకు మాయమైందంటే అర్థమేమిటని నవాజ్ అడిగాడు. ఇమామ్ అన్నని అడగలేదు. రెండు నెలలు లోపలే పెట్టుకుని, ఒకరోజు పొద్దున్నే వచ్చి, "నా భాగం నాకిచ్చెయ్ భాయ్" అన్నాడు.

కరిముల్లా పామర్రు సంగతంతా చెప్పాడు. కావాలంటే వెళ్లి వాళ్లనే అడగమన్నాడు. ఇమామ్ తల అడ్డంగా ఊపి బయటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నమే కరిముల్లా భవానీపురం వెళ్లాడు. దారంతా ఆయనకి ఒకటే భయం, రావుగారు గుమ్మంలోంచే పంపించేస్తారని. రావుగారు "రావయ్యా" అని కుర్చీ లాగారు. బల్ల మీద కంప్యూటరుంది.

"మీరూ..." అన్నాడు కరిముల్లా దానికేసి చూస్తూ.

"రెండేళ్లయింది. నేనూ ఇందులోంచే పంపుతున్నాను. మా అమ్మాయి నేర్పింది. అడిగుంటే నీక్కూడా చేసిపెట్టేవాణ్ణి."

కరిముల్లా తల దించుకున్నాడు. "ఆ రోజు నేను లోపలే ఉన్నానండి."

"తెలుసు. నువ్వెంత దాక్కున్నా నీ దగ్గు దాక్కుంటుందా?" రావుగారు నవ్వలేదు. "నా సంగతి వదిలెయ్. నాకేం, నలుగురు పోతే నలుగురొస్తారు. వాడి చేత ఎందుకు చెప్పించావయ్యా? నువ్వే ఎదురొచ్చి, ఇక వద్దండీ అనుంటే టీ తాగి వెళ్లేవాణ్ణి కదా."

అయినా, జరిగిందంతా విని ఆయన ఆ వచ్చే ఆదివారం జంక్షన్‌కి వచ్చారు. షట్టరు సగం దించారు. పామర్రు సంగతి కరిముల్లా చేత మొదటినుంచీ చెప్పించి, ఇమామ్ వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నారు.

"నమ్ముతున్నానండి," అన్నాడు ఇమామ్. "భాయ్ దొంగతనం చేసే మనిషి కాదు. పట్టాలిచ్చాడని కాదండి నా బాధ. నాకూ చెప్పుంటే నేనూ ఆటో ఎక్కి వెళ్లేవాణ్ణి కదా. ఆ పుణ్యంలో నాకు భాగం లేకుండా చేశాడు. మూడేళ్లుగా సంతకం పెట్టమంటే పెడుతున్నానండి. ఏముందో చదివి చెప్పినవాళ్లు లేరు. ఇక నా వల్ల కాదు."

కరిముల్లా మాట్లాడబోయాడు. రావుగారు వద్దన్నట్టు చెయ్యెత్తారు. విడిపోయే కాగితాలు ఆయనే రాశారు, ఇద్దరికీ చదివి వినిపించారు. నజీరా ఆ రోజు పాయసం పంపలేదు. ఏం జరుగుతోందో ఆవిడకి తెలుసు.

ఇమామ్ ఏలూరు రోడ్డులో వేరే షాపు పెట్టుకున్నాడు. పని బాగుంటుంది కాబట్టి పాత లారీవాళ్లు చాలామంది అటే వెళతారు. పండగ నమాజు దగ్గర అన్నదమ్ములు కౌగిలించుకుంటారు, పిల్లల చదువులడుగుతారు. వ్యాపారం ఊసెత్తరు.

కరిముల్లా రిటర్నులు ఇప్పటికీ ఆస్రానే హైదరాబాదుకి పంపుతుంది. రావుగారి దగ్గరికి మారదామా అని ఒకసారి ఆ పిల్లే అడిగింది.

"ఇప్పుడెందుకమ్మా," అన్నాడు కరిముల్లా. "ఆయనొస్తే ఎదురుగా ఇద్దరం కూర్చోవాలి. నేనొక్కణ్ణే ఉన్నాను."