మేకుకు పట్టిన ఎరుపు

అమీర్‌పేట సందులో ఒక రెండో అంతస్తు. కింద కోచింగ్ సెంటర్లవాళ్ళు గొంతులు చించుకుంటుంటే, పైన చంద్రావతి రాళ్ళ చేత నిజం చెప్పిస్తుంటుంది. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టి, కెమిస్ట్రీ చదివి, కర్ణాటకలో బంగారు గని ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇక్కడ సొంతంగా పరీక్షల బల్ల వేసుకున్న మనిషి.

బంగారం మహా పొగరుబోతు లోహం. గాలికి లొంగదు, నీటికి లొంగదు, మామూలు యాసిడ్‌కు తలవంచదు. టన్ను రాయిలో రెండు మూడు గ్రాములుగా దాక్కుంటుంది. రాతిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళలో గాలి ఊదుతూ తిప్పితే అప్పుడు కరుగుతుంది. ఆ నీళ్ళలో జింకు పొడి వేస్తే, జింకు తాను కరిగి దాన్ని బయటికి నెడుతుంది. దీనికోసం కూలిన రాజ్యాల కథ ఎత్తుకుంటే తెల్లారుతుంది గానీ, వీర్రాజు తెచ్చిన సంచి సంగతి చూద్దాం.

వీర్రాజు పంజాగుట్టలో ఆఫీసు తెరిచి, ఫలానా కొండ కింద బంగారముందని జనం చేత వాటాలు కొనిపిస్తున్న ఆసామి. చంద్రావతి ల్యాబ్ ఉన్న గదీ ఆయనదే. కొండ రాతి పొడి పరీక్షించి కాగితం ఇమ్మన్నాడు. సాయంత్రం బేగంపేట హోటల్లో వాటాదారుల సభ.

ఆమె పొడిని పళ్ళెంలో వేసి కడిగింది. రవ్వలు ధగధగ మెరిశాయి. అంత మెరిసినందుకే అనుమానం. భూతద్దం పెడితే ఒక్కో రవ్వ ఆకురాయితో గీకినట్టు సుడి తిరిగి ఉంది. రవ్వల్ని ఏరి, రెండు యాసిడ్లు కలిపి కరిగించి, బంగారాన్ని గోధుమరంగు పొడిగా దింపి వడగట్టింది. మిగిలిన పచ్చటి నీళ్ళలో ఇనుప మేకు ముంచింది. మేకుకు ఎర్రగా రాగి పట్టింది. కొండలో పుట్టిన బంగారానికి ఎక్కువగా వెండే తోడు. ఇంత రాగి కలిపేది నగలు చేసేవాళ్ళే.

"ఏంటండీ చంద్రావతి గారూ, మంచి వార్తేనా?"

"బంగారమైతే ఉన్నది వీర్రాజు గారూ. కొండది కాదు. ఎవరివో గాజులు గీకి కలిపిండ్రు."

"అబ్బే, మీరు మరీనండీ! రాతిలో రాగి ఉండదా ఏంటి?"

"రాతిల ఉంటది. గీ రవ్వలల్ల గింత ఎందుకుంటది? చూడుండ్రి, ఆకురాయి గీతలు సుత కనవడ్తున్నయ్."

వీర్రాజు గొంతు తగ్గించాడు. "ఒక్క సంతకం, మేడమ్. ఈ గది ఎన్నాళ్ళైనా మీదే."

"పెట్టకుంటే?"

"రేపే ఖాళీ చెయ్యాలండీ."

"గంతేనా? ఇంకేం చెప్తరో అని ఫికర్ పడ్డ."

ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన చింపాడు. మళ్ళీ అదే రాసింది. మళ్ళీ చింపాడు. మూడోసారి రాసిన కాగితాన్ని మేకుతో సహా సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికండీ?"

"బేగంపేటకు. ఊకె చింపి చేతులు నొప్పి పెట్టుకోకుండ్రి. నేనే చదివి వినిపిస్త."

హోటల్లో ఎవరూ ఆమెకు మైకివ్వలేదు. రాళ్ళు దంచే యంత్రాల పక్కన మాట్లాడి మాట్లాడి గట్టిపడ్డ గొంతు ఆమెది, చివరి వరుస దాకా వెళ్ళింది. వాటాదారులు కుర్చీల్లోంచి లేచి, ఆ కాగితానికి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. సభ అక్కడితో ఆగింది.

మర్నాడు ఆమె త్రాసును పాత చీరలో చుట్టి, సనత్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డుకు మారింది. దానికి కిటికీ లేదు. లోహాలు కరిగించే పొయ్యి పొగ పోవడానికి ముందుగా గోడకు రంధ్రం కొట్టించింది.