సాంచాలు ఆపకుండ్రి

మా అక్క పోయిందని మీలో చాలామంది పేపర్లో చదివి ఉంటారు. దేశదేశాలు తిరిగిన సెల్లో విద్వాంసురాలని రాశారు. నాకు మాత్రం ఆ కబురు సూరత్‌లో, బమ్రోలిలోని మా కార్ఖానాలో, సాంచాల మధ్య నిలబడి ఉండగా వచ్చింది. సాంచాలంటే మరమగ్గాలు. ఆస్పత్రిలో అక్క దగ్గరున్న అమ్మ ఫోన్ చేసింది. ఆ మోతలో వినబడక, అమ్మ చేత ఆ మాట రెండుసార్లు చెప్పించాను.

సెల్లో అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. బడిలో సంగీతం టీచరు అరువిచ్చిన పాతదాని మీద అక్క నేర్చుకుంది. కార్ఖానా పైనే మా ఇల్లు. కింద సాంచాలు మోగుతుంటే తను వాయించేది తనకే వినబడేది కాదు. అందుకని దాని మెడకు దవడ ఆనించి, ఆ అదురుతోనే స్వరం పోల్చుకునేది.

ఆ తర్వాత పై చదువుకు విదేశం వెళ్లింది, ఇక ఒకచోట కాలు నిలవలేదు. ఇంటికొచ్చినా కాలు కాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ ఉండేది. విమానంలో సెల్లోకు పక్క సీటు కొంటుందని తెలిసి అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏందే, గా డబ్బాకు గూడ టికెట్టా? దానికి బువ్వ గిట్ట పెడ్తరా?"

"పెడ్తరమ్మా. అది తినది, నేనే తింట."

ఏ దేశంలో కచేరీ అయినా, వేదిక ఎక్కేముందు నాకు ఫోన్ చేసేది.

"తమ్మీ, జర ఫోను సాంచాల కాడ పెట్టు."

"నాకేం పని లేదనుకున్నవా అక్కా?"

"ఈడ సప్పుడే లేదురా. చేతులాడ్తలేవు."

విసుక్కుంటూనే పెట్టేవాణ్ని. ఇప్పుడు ఎవరి ఫోన్ మోగినా కాళ్లు సాంచాల వైపే పోతున్నాయి.

మా గల్లీలో అందరూ తెలంగాణ నుంచి బతకొచ్చిన నేతవాళ్లే; ఎవరైనా పోతే, శవం లేచేదాకా సాంచాలన్నీ ఆపేస్తారు. అంతకు మించిన మర్యాద మావాళ్లకు తెలియదు. ఒకసారి అక్కకు గల్లీలోనే సన్మానం పెట్టి, ప్రేమకొద్దీ అన్నీ బంద్ చేశారు. అక్క వాయించే కమాను ఎత్తి, అలాగే కూర్చుండిపోయింది.

"ఎందుకు ఆపిండ్రు? నేనింక సావలే గదా! నడిపియ్యుండ్రి!"

అందరూ పకపకా నవ్వి సాంచాలు నడిపారు. అక్క కళ్లు మూసుకుని వాయించింది. ఒక్క ముక్క వినబడకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోయిన్నాడు గూడ ఆపకు తమ్మీ. గా సప్పుడు లేకుంటే నాతోని గాదు."

మాటిచ్చాను. అది ఇంత తొందరగా నిలబెట్టుకోవాల్సి వస్తుందనుకోలేదు.

శవం వచ్చేసరికి గల్లీలో సాంచాలన్నీ ఆగిపోయాయి. మా కార్ఖానాలోనూ పనివాళ్లు ఆపేశారు, ఒక్క సాంచా మాత్రం నేను నడుపుతున్నాను. ఎదురింటి కాకా, మా గల్లీ పెద్ద, గుమ్మంలోకి వచ్చి కేకలేశాడు.

"సోయి ఉన్నదారా నీకు? అక్క పోతే సాంచా నడుపుతవా? బంద్ చెయ్!"

"చెయ్య కాకా. అక్క నడపమన్నది."

"గసోంటి మాట ఎవలన్న అంటరా?"

అంతలో పోగు తెగి సాంచా దానంతటదే ఆగిపోయింది. గల్లీ మొత్తం చడీచప్పుడూ లేదు. తెగిన కొస కోసం వెతుకుతున్నాను, కళ్లలో నీళ్లు, ఏమీ కనబడదు. చేతులాడలేదు.

కాకా నన్ను పక్కకు నెట్టాడు. వంగి, తిడుతూనే, పోగు వెతికి ముడేసి సాంచా నడిపించాడు. అక్కను ఆ మోతలోనే తీసుకెళ్లాం.