వాన లేని రోజు రెయిన్‌కోటు

జర్మనీలో లుడ్విగ్స్‌బుర్గ్ నుంచి ఇల్మెనౌకి రైల్లో వెళ్ళొచ్చు, మధ్యలో మారాలంతే. కారుంటే మరీ హాయి. మే నెల చలిలో మోటార్‌సైకిల్ మీద వెళ్ళడం మాత్రం నాలాంటి మొండిఘటాల పని. మాకు కారు లేదు. మా ఆవిడ మాధవికి ఏడో నెల. కరోనా రోజుల్లో నేను రైళ్ళు మారుతూ నలుగురి మధ్యా కూర్చుని ఇంటికి రావడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. బండి మీదైతే నాకూ లోకానికీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు కదా అనుకున్నాను. ఆ గాలే నా అంతు చూస్తుందని బయల్దేరేటప్పుడు తెలీదు.

ఇల్మెనౌలో మా తమ్ముడు సందీప్ ఉన్నాడు. మా చిన్నమ్మ కొడుకు. అక్కడి యూనివర్సిటీలో మెకానికల్ మాస్టర్స్ చేస్తున్నాడు. మన దగ్గర రెండో వేవ్ మండిపోతున్న రోజుల్లో చిన్నమ్మ హన్మకొండలో ఆస్పత్రిలో చేరి, వారం తిరక్కుండానే పోయింది. విమానాలు దొరికే పరిస్థితి కాదు, దొరికినా అందేది కాదు. వీడు దహనం ఫోన్లో చూశాడు. అప్పట్నుంచి ఎవరు కాల్ చేసినా ఎత్తడు. మెసేజ్ పెడితే 'ఓకే' అని వస్తుంది, అంతే.

"వాడు ఏడుస్తలేడురా," అన్నాడు చిన్నాయన నాతో. "మేమందరం ఏడ్చినం. వాడు గట్లనే చూసుకుంట కూసున్నడు. నాకు భయమైతాంది. ఆదివారం దినాలు. ఆ రోజు వాణ్ని ఒక్కన్ని ఉంచకురా నాయినా."

వాణ్ని మా ఇంటికి తీసుకొద్దామని శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి పదకొండింటికి బండి తీశాను. ఒంటి మీద నూలు బనీను, దాని మీద నూలు చొక్కా, ఆపైన స్వెటరు, అన్నిటి మీదా కిందటి వేసవిలో కొన్న రైడింగ్ జాకెట్టు. హైదరాబాద్ ఎండల్లో బండి నడిపిన బుద్ధి ఎక్కడికి పోతుంది, గాలి ఆడాలని వల లాంటి గుడ్డది ఏరి కోరి కొన్నాను. మంచి చలిబట్టలు కొందామంటే ఆ రోజుల్లో షాపు గుమ్మం తొక్కాలన్నా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కావాలి; నాకు దొరికిన టెర్మిన్ పై వారానికి. పసుప్పచ్చ రెయిన్‌కోటు మడత పెట్టి బండి పక్క సంచిలో వేసుకున్నాను. ఆకాశం తేటగా ఉంది, ఇక దాంతో పనేముంది?

మాధవి తన హెల్మెట్టూ, రైడింగ్ జాకెట్టూ తెచ్చి ఇచ్చింది. "ఇది నాకిప్పుడు ఎలాగూ పట్టదు. సందీప్‌కి వేయండి," అంది. జిప్పు పక్కన ఊదారంగు పువ్వులున్నాయి దానికి.

"వాడు రానంటే ఏం చేస్తారండీ?"

"నేనూ అక్కడే కూర్చుంటా."

"బావుంది సంబడం! మీ అన్నదమ్ములిద్దరూ అక్కడ కూర్చోండి, నేనిక్కడ ఒక్కదాన్నీ కంటాను," అంది. నవ్వుతూనే అంది కానీ, గేటు దాకా వచ్చి నిలబడింది.

A81 హైవే ఎక్కి హైల్‌బ్రోన్ దాటేదాకా దర్జాగానే ఉంది. ఎండ కాస్తోంది, ద్రాక్షతోటలు పచ్చగా ఉన్నాయి. వంద మీద నడుపుతుంటే చలి ఎలా ఎక్కుతుందో చెబుతాను వినండి. మొదట మోకాళ్ళు, తర్వాత వేళ్ళ చివర్లు, ఆపైన గాలి జాకెట్టులోంచి దూరి, స్వెటరు అల్లికలోంచి దూరి, నేరుగా రొమ్ము మీద కూర్చుంటుంది. మూడు బట్టలున్నా ఏమీ లేనట్టే ఉంటుంది. వుర్త్స్‌బుర్గ్ దగ్గర బంకులో ఆపేసరికి క్లచ్ మీంచి వేళ్ళు ఊడి రాలేదు.

హోటళ్ళన్నీ మూతే. కిటికీలోంచి కాఫీ ఇస్తున్నారు, తాగడం మాత్రం బయట నిలబడే. మాధవి కట్టిచ్చిన పులిహోర డబ్బా విప్పి, పార్కింగ్ గట్టు మీద కూర్చుని తిన్నాను. కాస్త దూరంలో నెరిసిన గడ్డాల పెద్దాయన తన బండికి ఆనుకుని ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి నన్నూ, సంచిలోంచి తొంగి చూస్తున్న పసుప్పచ్చ కోటునీ మార్చి మార్చి చూశాడు.

"ఆ కోటు ఎవరికి తీసుకెళ్తున్నావు?" అని జర్మన్‌లో అడిగాడు.

"నాకే. వానొస్తే వేసుకోవడానికి."

ఆయన ఆకాశం వంక చూశాడు, నా వంక చూశాడు, భుజాలు ఎగరేసి హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముసలాయనకి వెటకారం ఎక్కువే అనుకున్నాను.

ష్వైన్‌ఫుర్ట్ దాటాక A71. ఈ దారిన బండి మీద వెళ్ళేవాళ్ళు సొరంగాల సంగతి గుర్తు పెట్టుకోండి. థురింగియా అడవి కిందుగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అన్నిట్లోకీ పొడుగుది ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. లోపల వెచ్చగా, వంటింట్లోకి వచ్చినట్టుంటుంది. హమ్మయ్య అనుకుని ఒళ్ళు వదులు చేశాను. బనీను చెమటతో తడిసింది. అవతలి వైపు బయటపడగానే కొండగాలి కొట్టింది చూడండి, తడిబట్టతో ఐసుగడ్డ మీద పడుకోబెట్టినట్టయింది. పళ్ళు టకటకలాడాయి. ఇంకాసేపు ఇలాగే ఉంటే బండి పడేస్తానని నిజంగా భయపడ్డాను. మాధవి, కడుపులో బిడ్డ గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇల్మెనౌ చేరేసరికి నాలుగు దాటింది. సందీప్ ఉండేది గుట్ట మీది స్టూడెంట్ హాస్టల్లో. తలుపు తీశాడు. గడ్డం పెరిగింది, కళ్ళు గుంటలు పడ్డాయి. గదిలో కిటికీ తెర మూసి ఉంది, కడగని గిన్నెలు ఉన్నాయి. జాకెట్టు జిప్పు తీద్దామంటే వేళ్ళు వంగలేదు. వాడు దగ్గరికొచ్చి తానే జిప్పు కిందికి లాగాడు. చొక్కా గుండీలు తీశాడు. బనీను మీద చెయ్యి పెట్టాడు.

"నూలు బనీనేసుకొని వచ్చినవా అన్నా? పిండితే నీళ్ళు కారుతయ్ గదనే!"

ఎన్నాళ్ళకో విన్న వాడి మాట అది. నాకు తిట్టులా వినిపించలేదు, ప్రాణం లేచొచ్చింది.

వాడే నీళ్ళు కాచాడు, టీ పెట్టాడు. నేను గిన్నెలు కడిగి పప్పూ అన్నం వండాను. చిన్నమ్మ మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తినేటప్పుడు మాత్రం "రేపు నాతో వచ్చెయ్‌రా, వదిన రమ్మంది," అన్నాను. "రానన్నా. ఏడున్నా గంతే గదా," అన్నాడు. కింద పరుపేసుకుని పడుకున్నాను. చిన్నాయనకి ఏం చెప్పాలా అన్న దిగులుతో చాలాసేపు నిద్ర పట్టలేదు.

పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ ఆ నూలు బనీనే వేసుకోబోతుంటే సందీప్ లాక్కుని మూల పడేశాడు. తన ఫుట్‌బాల్ టీషర్టు ఇచ్చాడు, జారుడుగా, పల్చగా ఉంది.

"చూడన్నా, ఒంటికి తాకేది చెమటని పట్టుకోవద్దు, బయటికి పంపియ్యాలె. దాని మీదిది గాలిని ఆపుకొని ఎచ్చగ ఉంచాలె, స్వెటర్ పని గదే. అన్నిటి మీదిది బయట గాలిని లోపటికి రానియ్యద్దు. నువ్వు మొదటిది తప్పు, మూడోది లేనే లేదు. నీది రెయిన్‌కోట్ ఉండె గదా, ఏది?"

"వాన లేదు కదరా!"

"వానకు గాదన్నా, గాలికి! నీళ్ళే పోనిదాంట్ల గాలెట్ల పోతది?"

వుర్త్స్‌బుర్గ్ ముసలాయన భుజాలు ఎందుకు ఎగరేశాడో అప్పుడు తెలిసింది. మనూళ్ళో రెయిన్‌కోటు వానకే. ఎండ ఉన్న రోజు వేసుకుంటే వీధంతా నవ్వుతుంది. అంత దూరం మందుని సంచిలో మోసుకుంటూ రోగంతో వణికాను.

స్వెటరు వేసుకున్నాక వాడు కిందికి పోయి, మెట్ల దగ్గర పోస్టుడబ్బాల కింద పోగుపడ్డ సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితాలూ, ఉచితంగా పంచే పేపర్లూ ఒక కట్ట తెచ్చాడు. నాలుగైదు కాగితాలు మడిచి నా స్వెటర్ లోపల రొమ్ము మీద పరిచాడు. బీరు సీసాలు, కోడి తొడలు, సగం ధరకి టమాటాలు నా గుండెల మీద చేరాయి. నవ్వబోయి వాడి మొహం చూసి ఆగిపోయాను. చెయ్యి ఆ కాగితాల మీదే ఉంది.

"అమ్మ గిట్లనే పెట్టుకునేది," అన్నాడు.

చిన్నమ్మ ప్రభుత్వ బళ్ళో టీచరు. పరకాల దగ్గర పల్లెకి స్కూటీ మీద వెళ్ళేది. ఐదో తరగతి దాకా వీడూ అదే బడి, వెనక కూర్చుని పోయేవాడు. చలికాలం మంచులో పొద్దున్నే బయల్దేరే ముందు నిన్నటి పేపరు మడిచి స్వెటరు కింద పెట్టుకునేదట.

"నేను ఎన్కనుంచి గట్టిగ పట్టుకుంటే పరపరమనేది. చంపకురా, పేపర్ చినుగుతది అనేది. నేను కావాలని ఇంక గట్టిగ పట్టుకునేది."

కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. నేను రెయిన్‌కోటు తొడుక్కుని హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాను. ఇక రమ్మని అడగదలచుకోలేదు, ఒకసారి వద్దన్నవాణ్ణి ఏం ప్రాణం తింటాం? తలుపు దగ్గరికి వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు.

"అన్నా, నాకు గూడ పెట్టు."

మిగిలిన కాగితాలు వాడి స్వెటర్ లోపల పెట్టి, మాధవి జాకెట్టు తొడిగి, ఊదారంగు పువ్వుల మీదుగా జిప్పు మెడ దాకా లాగాను. "వదిన కోసం టెస్ట్ చేయించుకోవాలె గదా," అని వాడే గుర్తు చేశాడు. ఊళ్ళో సెంటరుకి పోయి ఇద్దరం ముక్కులు చూపించుకున్నాం. వరసలో నిలబడి కదిలినప్పుడల్లా ఇద్దరి రొమ్ములూ పరపరమంటుంటే ముందున్నావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రెండూ నెగెటివ్ వచ్చాక పదకొండు దాటి బయల్దేరాం.

తిరుగు దారిలో మబ్బు కమ్మింది, నిన్నటికంటే చలి. కానీ ఏమని చెప్పను, ఒళ్ళు నా ఒళ్ళులాగే ఉంది. సొరంగంలో పట్టిన చెమట బయటికొచ్చాక ఆరిపోయింది. గాలి కోటుకి కొట్టుకుని పక్కకి పోతోంది. వెనక సందీప్ సీటు కడ్డీ పట్టుకుని కట్టెలా కూర్చున్నాడు. వుర్త్స్‌బుర్గ్ దగ్గర ఆపి మిగిలిన పప్పన్నం చెరిసగం తిన్నాం.

హైల్‌బ్రోన్ దగ్గర రోడ్డు పనులు. బళ్ళన్నీ ఆగి ఆగి కదులుతున్నాయి. ఒకచోట పూర్తిగా నిలిచిపోతే ఇంజన్ ఆపేశాను. అప్పుడు వాడి చేతులు రెండూ నా పక్కల నుంచి వచ్చి రొమ్ము మీద బిగుసుకున్నాయి. కోటు కింద, జాకెట్టు కింద, స్వెటరు కింద కాగితాలు పరపరమన్నాయి. వాడు వదిలి, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ చప్పుడు. హెల్మెట్ నా వీపుకి ఆనింది. వీపు అదురుతుంటే ముందు బండేమో అనుకున్నాను. ఇంజన్ ఆపే ఉందని తర్వాత గుర్తొచ్చింది.

వెనక్కి తిరగలేదు. ముందు బళ్ళు కదిలాక నేనూ కదిలించాను. కుడి వరసలో ఒక లారీ వెనక చేరి, ఎనభై మీదే పోనిచ్చాను. నా కళ్ళూ మసకబారుతుంటే హెల్మెట్ అద్దం కొంచెం ఎత్తుకున్నాను. చిన్నాయనతో ఇప్పుడు ధైర్యంగా మాట్లాడొచ్చు అనిపించింది. పొరలు ఎన్ని వేసుకున్నా ఆ అదురు తిన్నగా నా ఎముకల్లోకి వస్తోంది.

లుడ్విగ్స్‌బుర్గ్ ఉత్తరం ఎగ్జిట్ బోర్డు వచ్చింది. మేం దిగాల్సింది అక్కడే. వెనక చేతులు ఇంకా వదులవలేదు. ఇండికేటర్ వేయకుండా తిన్నగా పోయాను. దక్షిణం ఎగ్జిట్ కూడా వచ్చింది. అదీ వదిలేశాను.

ఇంటికి చేరేసరికి ఐదు కావస్తోంది. మాధవి తలుపు దగ్గరే ఉంది. "నాలుగింటికే వస్తామన్నారు కదండీ, ఎంత కంగారు పడ్డానో! ఏమైంది?"

"ఎగ్జిట్ తప్పాను," అన్నాను.

సందీప్ హెల్మెట్ తీశాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పువ్వుల జాకెట్టు జిప్పు దించుతూ నా వంక చూశాడు.

"ఒకటి గాదు వదినా," అన్నాడు. "రెండు తప్పిండు."